ఆఖరు చెప్పని సాయమ్మ

డిటెక్టివ్ నవల చదివేసి, ఇంకా చదవనివాళ్లకు హంతకుడెవరో చెప్పేసే మనుషులంటే సాయమ్మకు ఒళ్లు మంట. "సంపినోడు ఒక్కన్నే సంపుతడు. ఆఖరు చెప్పినోడు సదివేటోళ్లనందరిని సంపుతడు" అనేది. ఆమె ముందు ఆఖరి పేజీ మాటెత్తే ధైర్యం కనేరి మొత్తంలో ఎవరికీ లేదు.

కనేరి భివండీలో మరమగ్గాల పేట. మరమగ్గాన్ని అక్కడ మనవాళ్లు సాంచ అంటారు. ఏ గల్లీలో నిలబడ్డా సాంచల మోతే. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి, లేదంటే చేతులు తిప్పాలి. అక్కడున్నవాళ్లలో చాలామంది కరీంనగర్ వైపు నుంచి బతకవచ్చినవాళ్లు. వాళ్ల పిల్లలు మరాఠీ బడికి పోయారు కాబట్టి వాళ్లకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. చదవడం వచ్చిన పాతవాళ్లు మాత్రం నెలనెలా కరీంనగర్ బస్సు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్లు. ఆ బస్సులో పచ్చళ్ల డబ్బాలతో పాటు కొత్త డిటెక్టివ్ నవలలు దిగేవి. కనుకయ్య వాటిని తన పాన్ డబ్బాలో దారానికి వేలాడదీసి అద్దెకిచ్చేవాడు.

వేలాడదీయడం వరకే కనుకయ్య పని. ఏది చదవాలో చెప్పడం సాయమ్మ పని. కొత్త పుస్తకం మొదట ఆమె చేతికే వెళ్లేది. తిరిగి తెచ్చేటప్పుడు ఆమె ఒక మాట చెప్పేది, ఆ మాట మీదే ఆ నెల బేరం నడిచేది. "గిది తలుపేసుకొని సదువుండ్రి" అని ఒకదానికి. "మొదటి ఇరవై పేజీలు సప్పగుంటయి. ఓపిక పట్టుండ్రి, ఇరవై ఒకటో పేజీల తలుపు కొడ్తరు" అని ఇంకోదానికి. "దీన్ని అన్నం తిన్నంకనే పట్టుకోండ్రి, నడుమ శవాన్ని కోస్తరు" అని మరోదానికి. బాగా లేని పుస్తకాన్ని తిట్టేది కూడా కాదు, "రాసినాయనకు ఆ నెల జరమొచ్చినట్టుంది" అని ఊరుకునేది. దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు.

ఆమెది గట్టయ్య సేఠ్ కార్ఖానా వెనుక గదిలో, వాళ్ల మాటలో ఖోలీలో, దారాలు కత్తిరించే పని. సాంచ మీద నుంచి దిగిన గుడ్డకు అక్కడక్కడ పోగుల కొసలు లేచి ఉంటాయి. థాను అనే ఆ గుడ్డచుట్టను ఒళ్లో వేసుకుని ఆ కొసల్ని చిన్న కత్తెరతో తీసెయ్యాలి, గుడ్డకు మాత్రం గాటు పడకూడదు. సాయమ్మ, కనకవ్వ, పోచమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్లు గోడలకు ఆనుకుని పొద్దంతా ఇదే పని చేసేవాళ్లు. మాటల్లేవు. గోడ అవతల నలభై సాంచలు ఆడుతుంటే మాటలెక్కడివి?

రెండు వేల ఆరులో కరెంటు కోతలు ముదిరి, పగలు పదకొండు నుంచి రెండు దాకా పోయేది. సాంచలన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. నేతగాళ్లు బయట చెట్టూ చేమా వెతుక్కుంటూ పోయేవాళ్లు. కత్తెరకు కరెంటుతో పనిలేదు కాబట్టి ఈ ఆడవాళ్లకు విడుపు లేదు, కానీ చెవులకు విడుపు దొరికేది. ఆ మూడు గంటలు సాయమ్మ నవల పైకి చదివేది. కరెంటు పోగానే కనకవ్వ చెయ్యి చాపి సాయమ్మ ఒళ్లోని థానును తన ఒళ్లోకి లాక్కునేది. తలా ఇంత అందుకుని ఆమె వంతు పని అందరూ చేసేవాళ్లు. కరెంటు రాగానే థాను తిరిగి ఆమె ఒళ్లో పడేది. ఇది ఎవరు పెట్టిన కట్టుబాటో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ తప్పిందీ లేదు.

ఈ ఏర్పాటే లేకపోతే సాయమ్మ గుట్టు ఎప్పుడో రట్టయ్యేది. ఆమెకు కళ్లు కనిపించడం లేదు.

పోయిన వానాకాలంలో మొదలైంది. ముందు అక్షరాల మీద మీగడ కట్టినట్టయింది. తర్వాత ఆ మీగడ మనుషుల ముఖాల మీదికీ వచ్చింది. రంగులు తెలిసేవి, మనిషి ఆకారం తెలిసేది, అంతే. నడిచే గల్లీ పాతదే కాబట్టి కాళ్లు దారి తప్పేవి కావు. థాను మీద అరచేయి పరిచి పోతే పోగు కొస వేలికి తగిలేది, అక్కడ జాగ్రత్తగా కత్తెర పెట్టేది. పెట్టిన ప్రతిసారీ గుడ్డ తెగిందేమోనని మళ్లీ వేలితో తడిమి చూసుకునేది. ఆ మూడు గంటలు మిగతావాళ్లు చేసిపెట్టే పని వల్లే ఆమె లెక్క అందరితో సమానంగా కనిపించేది.

పెంటవ్వ సంగతి ఆ ఖోలీలో అందరికీ తెలుసు. రెండేళ్ల కింద ఆమె చూపు మందగించి ఒకే వారంలో రెండు థాన్లకు గాట్లు పడ్డాయి. సేఠ్ తిట్టలేదు, అరవలేదు. "మస్తు కష్టపడ్డవు పెంటవ్వా, ఇగ ఇంటికాడ కూసో" అన్నాడు. అంత మెత్తగా అన్న మాటకు ఎదురు చెప్పడం ఎవరి తరం? ఇప్పుడామె కొడుకు ఇంటి గడపలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల అడుగుల చప్పుడు వింటుంది. ఎక్కడో శిబిరంలో ఆపరేషన్ చేయించుకుంటే ఉన్న చూపు కూడా పోయిందని చెప్పుకున్నారు. అది నిజమేనా అని సాయమ్మ ఎన్నడూ పెంటవ్వను అడగలేదు. భయం పట్టుకున్నవాళ్లకు అడగడం కంటే నమ్మడం తేలిక.

ఇంట్లోనూ చెప్పలేదు. భర్త దేవానందం కాల్హేర్‌లో గోదాముకు కావలి. సాయంత్రం డ్యూటీకి పోయేముందు వాక్యం చదివి ప్రార్థన చేసుకోవడం ఆ ఇంటి అలవాటు, చదివేది సాయమ్మే. ముప్పై ఏళ్లుగా చదివిన వాక్యాలు నోటికి వచ్చేశాయి. పుస్తకం తెరిచి, వరసల మీద వేలు జరుపుతూ నోటికి వచ్చింది చెప్పేది. ఆయన కళ్లు మూసుకుని ఆమెన్ అనేవాడు. దేవుని ముందరే నటించాను, ఇక మనుషుల ముందు ఎంత అనుకుంది కానీ, ఆ మాట ఆమె లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

మే నెల బస్సులో 'తడవని గొడుగు' వచ్చింది. పసుపుపచ్చ అట్ట, దాని మీద నల్ల గొడుగు. సాయమ్మ దాన్ని ఇంటికి తీసుకుపోయి, డాబా మీద నడినెత్తి ఎండలో, ముక్కు కాగితానికి ఆనించి, మూడు రోజులకు పదహారు పేజీలు చదివింది. కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి. అంతకుముందు నెలల పుస్తకాల్ని ఇలాగే ఎండలో గట్టెక్కించింది గానీ, ఈసారి పదిహేడో పేజీ ఇక ససేమిరా అంది.

నోటికి పట్టుకున్న ఆ పదహారు పేజీలూ ఖోలీలో కమ్మగా సాగిపోయాయి. ఒక కొండ ఊరు. రాత్రంతా కుండపోత వాన. తెల్లారేసరికి ముసలి డాక్టరుగారు తన కుర్చీలోనే హత్యకు గురై ఉన్నారు. తలుపు పక్కన ఎవరిదో గొడుగు. ఇన్‌స్పెక్టర్ పట్టుకుని చూస్తే గొడుగు పొడిగా ఉంది.

"అంత వాన్ల పొడిగెట్లుంటదే?" అంది పోచమ్మ. కత్తెరలన్నీ ఆగాయి.

సాయమ్మ పేజీ తిప్పింది. ఎదురుగా తెల్లటి మసక. "ఊఁ, ఎత్తుకో సాయమ్మా" అని పోచమ్మ తొందరపెట్టింది. ఏం చెయ్యాలో తోచక సాయమ్మ నోరు తెరిచింది. "అప్పుడు వంటగదిలోంచి ముసలి వంటమనిషి రంగమ్మ వచ్చింది" అని దానంతటదే వచ్చేసింది. వచ్చిన రంగమ్మ ఊరుకుంటుందా? నల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు గేటు తీసుకుని లోపలికి రావడం కిటికీలోంచి నా కళ్లారా చూశానని చెప్పింది. ఒక అబద్ధానికి వంద అబద్ధాలు తోడు కావాలంటారు. మర్నాటికి డాక్టరుగారి మేనల్లుడు పుట్టాడు, ఆ మర్నాటికి కాంపౌండరు పుట్టాడు. నడుమ నడుమ ఆడవాళ్లు నవ్వడానికని రంగమ్మ చేత చిన్న చిన్న అల్లరి పనులు చేయించింది. రంగమ్మ ఇన్‌స్పెక్టర్‌కిచ్చిన కాఫీలో చక్కెరకు బదులు ఉప్పు వేసింది. తన వంటగది గడపే తన్నుకుని పడింది.

చెప్పకూడదు గానీ, ఆ ఖోలీలో అంతకుముందు చదివిన ఏ నవలా ఇంతగా రక్తి కట్టలేదు. పోచమ్మ జ్వరంతో కూడా పనికి వచ్చింది. మేనల్లుడి పేరు వినబడితే చాలు "వీని పాడెగట్ట" అని శాపనార్థాలు పెట్టేది. ఆడవాళ్లు ఇంటికి పోయి మగవాళ్లకు చెప్పారు, మగవాళ్లు సాంచల దగ్గర చేతులు తిప్పి ఒకరికొకరు చెప్పుకున్నారు. కనుకయ్య వచ్చి, "ఎట్లుంది సాయమ్మా గీ కొత్తది?" అని అడిగినప్పుడు పక్కన నలుగురున్నారు. జ్వరమొచ్చినట్టుంది అని ఉంటే ఆ పుస్తకం జోలికి ఎవరూ పోకపోదురు, ఆమెకీ గండం తప్పేది. కానీ పోచమ్మ అంతగా పొగుడుతుంటే ఆమె ఎలా తీసిపారేస్తుంది? "మస్తుంది. నేను సదివిన వాట్లల్ల గిదే మేలు" అనేసింది. నోరు జారాక నాలుక కరుచుకుంది. కనుకయ్య నెల తిరిగేదాకా ఆగకుండా ఆ వారం బస్సుకే ఇంకో మూడు కాపీలు తెప్పించాడు.

అదే బస్సులో కనకవ్వ కొత్త కోడలు జలజ దిగింది.

జగిత్యాల దగ్గర పల్లె, తెలుగులో ఇంటర్ దాకా చదివింది. సోమవారం అత్త వెంట పనికి వచ్చి, తలుపు దగ్గర వెలుతురులో కూర్చుంది. తన అత్తకు సాయమ్మ అక్క వరస కాబట్టి మొదటి రోజే ఆమెను "పెద్దత్తా" అని పిలిచింది. "పెద్దత్తా, నాకు గూడ నవల్లంటే పానం. మా ఊర్ల లైబ్రరీల ఉన్నయన్ని సదివిన" అంది. అందరూ సంబరపడ్డారు. సాయమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే పుస్తకాన్ని కొంగు చాటుకు లాక్కుంది. ఇన్నాళ్లూ ఆ ఖోలీలో అక్షరం తెలిసిన మనిషి తనొక్కతే.

మంగళవారం సాయంత్రం పాన్ డబ్బా దగ్గర ఆగితే కనుకయ్య హుషారుగా ఉన్నాడు.

"నీ నోటి సలువ సాయమ్మా, మూడు కాపీలు పోయినయి. ఒకటి కనకవ్వ కోడలు తీస్కపోయి ఒక్క రోజుల సదివి తెచ్చిచ్చింది."

సాయమ్మ చేయి డబ్బా చెక్కను పట్టుకుంది. "ఏమన్నది?"

"ఏమనలేదు. నవ్వింది."

"నవ్విందా?"

"ఆఁ. ఇంకోటి అంకుశం తీస్కపోయిండు. సగం అయిందట. సాయమ్మ చెప్పిన వంటామె ఇంకా రాలేదేందని అడుగుతున్నడు. ఏ పేజీల వస్తదామె?"

"వస్తది, ఓపిక పట్టుమను" అని చెప్పి సాయమ్మ కాళ్లకు బుద్ధి చెప్పింది. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూలబడింది. అంకుశం నేతగాడు, వాడిని ఇంకో రెండు రోజులు ఆపవచ్చు. జలజను ఎలా ఆపడం? ఆ పిల్ల పుస్తకం మొత్తం చదివింది. అందులో రంగమ్మ లేదు, ఉప్పు కాఫీ లేదు. ఏమున్నాయో సాయమ్మకు తెలియదు. తెలియని పుస్తకాన్ని నేను చదివినవాటిలో ఇదే మేలని ఊరంతా చాటింది. రేపో మాపో ఆ పిల్ల నవ్వుతూ అత్తతో ఒక్క మాట అంటుంది. చదవడం లేదని తెలిస్తే ఎందుకు చదవడం లేదని అడుగుతారు. ఎందుకో తెలిస్తే సేఠ్ వస్తాడు. వచ్చి మెత్తగా మాట్లాడతాడు. ఆ రోజు ప్రార్థనలో నోటికి వచ్చిన వాక్యం కూడా నడుమలో తప్పిపోయింది. దేవానందం కళ్లు తెరిచి, "ఏందే, పానం మంచిగ లేదా?" అన్నాడు. "ఎండ కొట్టింది" అంది.

బుధవారం జలజ మళ్లీ తలుపు దగ్గరే కూర్చుంది. ఎవరి కత్తెర ఎలా పలుకుతుందో సాయమ్మకు చెవులతోనే తెలుసు. పోచమ్మది గబగబా, కనకవ్వది ఆగి ఆగి. జలజది కొత్త కత్తెర, సన్నగా టిక్కుమనేది. ఆ రోజు చదువుతున్నంతసేపూ సాయమ్మ చెవి ఆ టిక్కు మీదే ఉంది. రంగమ్మ పేరు రాగానే అది ఆగింది. మళ్లీ కొంచెంసేపటికి మొదలైంది. మళ్లీ ఆగింది.

"పెద్దత్తా," అంది జలజ ఉన్నట్టుండి, "ఇప్పుడు ఎన్నో పేజీల ఉన్నం?"

సాయమ్మ ఒక పేజీ వెనక్కి, ఒక పేజీ ముందుకు తిప్పింది. "ఎనబై... ఎనబై రెండు."

"ఊఁ" అంది జలజ. ఆ ఊఁకు అర్థమేమిటో సాయమ్మ రెండు దాకా ఆలోచిస్తూనే ఉంది. నోరు కథ చెబుతోంది, మనసు దొంగకు తేలు కుట్టినట్టు ముడుచుకుని కూర్చుంది. చాలనట్టు పోచమ్మ లేచేటప్పుడు, "రేపటితోని ఒడిశిపోవాలె సాయమ్మా. ఎల్లుండి శుక్రారం సుట్టి, సాంచలన్ని బందు. హంతకుడెవడో తెల్వకుంటే నాకు సుట్టి సుట్టిలెక్కుండది" అని ఖాయం చేసేసింది.

రేపు రాకుండా ఇంట్లో పడుకుంటే? ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవలేదు. పుస్తకం ఖోలీలో ఉంది. చదవగలిగిన మనిషీ ఖోలీలో ఉంది. తాను రాకపోతే జలజ చదువుతుంది, అసలు కథ చదువుతుంది. వస్తే ఆఖరు తానే చెప్పాలి. చెప్పడానికి ఆమె దగ్గర ఆఖరు లేదు. ఇన్ని రోజులూ మనుషుల్ని పుట్టించుకుంటూ పోయింది గానీ డాక్టరుగారిని ఎవరు చంపారో ఆమెకే తెలియదు. ఆ గొడుగు ఎందుకు తడవలేదో అసలే తెలియదు.

ఉండబట్టలేక చీకటి పడకముందే కనకవ్వ ఇంటికి పోయింది. జలజను పక్కకు పిలిచి చెప్పేద్దామని, కాళ్లయినా పట్టుకుందామని. జలజ గడప దగ్గర బియ్యం ఏరుతోంది, కనకవ్వ పక్కనే ఉంది. కనకవ్వ ముందు ఆ మాట ఎత్తలేక సాయమ్మ చాట పక్కన కూర్చుంది.

"పుస్తకం సదివినవటగా బిడ్డా" అంది చివరికి. "ఎట్లుంది?"

"మస్తుంది పెద్దత్తా."

"ఆఖరు...?"

జలజ నవ్వింది. "ఆఖరు చెప్పుడు పాపమని నువ్వే అంటవట గదా! అత్త చెప్పింది."

ఆ నవ్వు ఎలాంటిదో ముఖం కనిపిస్తే తెలిసేది. సాయమ్మకు ముఖం కనిపించలేదు. వచ్చిన దారినే వెనక్కి పోయింది.

గురువారం పదకొండింటికి సాంచలు ఆగాయి. కనకవ్వ చెయ్యి చాపి సాయమ్మ థాను లాక్కుంది. చివరి భాగానికి ముందు ఎవరి అనుమానం వాళ్లు చెప్పడం ఆ ఖోలీ ఆచారం. పోచమ్మ మేనల్లుడంది. కనకవ్వ కాంపౌండరంది. మిగతావాళ్లు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. "నువ్వేమంటవే?" అని కోడల్ని అడిగింది కనకవ్వ. "నేను తర్వాత చెప్త" అంది జలజ.

సాయమ్మ పుస్తకం తెరిచింది. "ఇన్‌స్పెక్టర్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు" అంది. "బయట వాన వెలిసింది" అంది. "ఇన్‌స్పెక్టర్ గొడుగును చేతిలోకి తీసుకున్నాడు" అంది. అక్కడితో ఆగిపోయింది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. మేనల్లుడు అందామా? ఎందుకని అడిగితే? కత్తెరలన్నీ ఆగి ఉన్నాయి.

"సాయక్కా?" అంది కనకవ్వ. "ఏమైందే?"

టిక్కుమనే కత్తెర నేల మీద పెట్టిన చప్పుడు. గాజుల చప్పుడు. జలజ లేచి వచ్చి పక్కన కూర్చుంది. "పెద్దత్త గొంతు ఎండింది. ఆఖరు నేను సదువుత" అని ఆమె చేతుల్లోంచి పుస్తకం తీసుకుంది.

సాయమ్మ ఇవ్వకుండా ఒక్క క్షణం గట్టిగా పట్టుకుంది. తర్వాత వేళ్లు వదిలేశాయి. అయిపోయింది అనుకుంది. ఇప్పుడు రంగమ్మ లేదని తేలుతుంది. చీరకొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది.

జలజ గొంతు సవరించుకుంది. "ఇన్‌స్పెక్టర్ గొడుగును చేతిలోకి తీసుకుని, 'రంగమ్మా, ముందుకు రా' అన్నాడు."

సాయమ్మ తల తిప్పింది. తాను విన్నది నిజమేనా?

"'నల్లకోటు మనిషిని నీ కళ్లారా చూశానన్నావు. ఆ రాత్రి అంత వానలో, ఆ చీకట్లో, గేటు దగ్గరి మనిషి కోటు రంగు నీకెలా తెలిసింది?' రంగమ్మ తల దించుకుంది. 'నువ్వు నా కాఫీలో ఉప్పు వేశావు. ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న వంటగది గడప తన్నుకుని పడ్డావు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. రంగమ్మా, నీకు కళ్లు కనిపించవు. అవునా?'"

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. జలజ వేలు వరసల మీద జరుగుతూనే ఉంది. గొంతు ఎక్కడా తడబడలేదు.

"రంగమ్మ కుప్పకూలి ఏడ్చింది. 'అవును బాబూ. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని దాచాను. ఏమీ చూడలేదంటే గుడ్డిదని తెలిసిపోతుందని నల్లకోటు మనిషిని కల్పించాను' అంది. ఇన్‌స్పెక్టర్ అందరివైపు తిరిగాడు. 'విన్నారుగా. బయటి నుంచి ఎవరూ రాలేదు. వచ్చినట్టు మనల్ని నమ్మించడానికి, ఇంట్లో ఉన్నవాడే ఈ గొడుగు తెచ్చి తలుపు పక్కన పెట్టాడు. దాన్ని తడపడం మాత్రం మరిచిపోయాడు. మేనల్లుడుగారూ, ఆ రాత్రి ఈ ఇంట్లో రంగమ్మ కాక ఉన్నది మీరొక్కరే, లేవండి' అన్నాడు."

"నేనన్లే!" అని పోచమ్మ తొడ చరిచింది. "వీని పాడెగట్ట! నేను మొదటి నుంచి అంటనే ఉన్న!"

సాయమ్మ నోట్లోని చీరకొంగు తీసేసింది. గొడుగు ఎందుకు తడవలేదో ఆమెకు అప్పుడే తెలిసింది. ఎన్ని నెలలైంది, ఇలా ఆఖరు తెలియకుండా ఒక కథ విని! ఆ పిల్ల ఇప్పుడు పుస్తకంలోది ఒక్క ముక్క చదవలేదు. సాయమ్మ నవ్వుల కోసం విసిరేసిన ఉప్పునూ గడపనూ అత్త నోట విని ఏరుకుని, వాటినే ముడివేసి ఆఖరు కట్టింది. అంటే మొదటి రోజు నుంచే ఆ పిల్లకు తెలుసు. రంగమ్మ ఎవరో కూడా తెలుసు. సాయమ్మకు భయమేసింది, సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

పోచమ్మకు ఇంకో సందేహం మిగిలింది. "మరి ఆ ముసల్దాన్ని పనిలకెల్లి తీసేసిన్రా?"

జలజ పుస్తకాన్ని తెచ్చి సాయమ్మ ఒళ్లో పెట్టింది. "అది ఆఖరి పేజీల ఉంటది. పెద్దత్తే చెప్పాలె" అంది మెల్లగా.

సాయమ్మ పేజీ వైపు చూసింది. తెల్లటి మసక. ఇప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. రంగమ్మను డాక్టరుగారి ఇంట్లోనే ఉంచారని, కథ కంచికని చెప్పెయ్యొచ్చు. నోటికి అలవాటైన పనే. ఆమె వేలు వరసల మీద కొంచెం దూరం పోయి ఆగింది.

"గీడ ఏం రాసి ఉన్నదో నాకు కనవడ్తలేదు పోచమ్మా" అంది. "పోయిన వానకాలం నుంచి కనవడ్తలేదు. రంగమ్మను నేనే పుట్టిచ్చిన. పుస్తకంల ఆమె లేదు. మీరు నా థాన్లు చేస్తుంటే నేను మీకు అబద్దాలు చెప్పిన."

కత్తెర ఒక్కటీ కదల్లేదు. వాళ్ల ముఖాల్లో ఏముందో చూడలేని సాయమ్మకు ఆ నిశ్శబ్దం కంటే సేఠ్ మెత్తటి మాటే నయమనిపించింది. అంతలో, ఆ రోజు రెండు కాకముందే, కరెంటు వచ్చింది. గోడ అవతల సాంచలు ఒక్కొక్కటే అందుకుని ఖోలీ అంతా మోతతో నిండిపోయింది. ఇక ఎవరేమన్నా వినపడదు.

సాయమ్మ అలవాటు కొద్దీ రెండు చేతులు చాపింది, థాను కోసం. చేతులు ఖాళీగానే ఉన్నాయి. కొంచెంసేపు ఆగి, పక్కకు తడిమింది. కనకవ్వ ఒళ్లో ఆమె థాను అలాగే ఉంది, కనకవ్వ మోచెయ్యి ఆడుతూనే ఉంది. సాయమ్మ థాను కొస పట్టుకుని లాగబోతే కనకవ్వ ఆ చేతిని తీసి పక్కన పెట్టి మళ్లీ పనిలో పడింది. అవతలి కొస పోచమ్మ ఒళ్లో ఉంది. సాయమ్మ చెంపల మీద నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు.

జలజ దగ్గరికి జరిగి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "రేపు సుట్టే గదా పెద్దత్తా! నేనొస్త, అత్త వస్తది, దవాఖానకు పోదాం! మా అమ్మమ్మకు గిట్లనే అయితే కంటిపొర తీసిన్రు! ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తది!"

సాయమ్మ తల ఊపింది. ఊపి, ఆ పిల్ల భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఇన్ని రోజులుగా గుండెల్లో ఉన్న భయం ఇంకా పూర్తిగా దిగలేదు, కానీ దాని పక్కనే ఇంకోటి నిద్ర లేచింది. అది చదివేవాళ్లకే ఉండే జబ్బు.

"బిడ్డా!" అని చెవిలో అరిచింది. "అసలు పుస్తకంల సంపినోడెవడే?"

జలజ పకపకా నవ్వడం ఆమె భుజానికి తెలిసింది.

"చెప్ప! ఆపరేషన్ అయినంక నువ్వే సదువుకో! మొదలు సప్పగుంటది, ఓపిక పట్టు! ఆఖరు మాత్రం మస్తుంటది!"